కీచురాయి వేట

పోయిన వారం ఎక్కడ ఆగామో మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. గిటారాయన తన పాత యాంప్లిఫయరును మళ్ళీ మోసుకొచ్చి మాస్టారి రిపేరు దుకాణం గుమ్మంలో దించాడు. ఇంకా చప్పుడొస్తోంది మాస్టారూ అని నసిగి, రేపు సాయంత్రం హాల్లో కచేరీ ఉందని గుర్తు చేసి వెళ్ళిపోయాడు. అంతవరకూ ఆ దుకాణంలో బాగుపడి వెళ్ళిన వస్తువు తిరిగొచ్చిన పాపాన పోలేదు. కోడలు దాన్ని బల్ల మీదికెక్కించి స్విచ్చి వేసింది. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు సుయ్యిమని ఒకటే చప్పుడు. పక్కనే నిలబడ్డ మామగారు స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, తృప్తిగా తల ఊపి, "చూశావా అమ్మాయ్, ఎంత నిశ్శబ్దంగా ఉందో" అన్నారు.

అక్కడ ఆపేసినందుకు మీలో కొందరు నన్ను తిట్టుకున్నారని తెలుసు. తిట్టుకోండి, నాకేం ఫర్వాలేదు. కానీ ఆ క్షణంలో ఆ పిల్ల పరిస్థితేమిటో కూడా కాస్త ఆలోచించండి.

వీధి వీధంతా ఆయన్ని పాముచెవుల మాస్టారంటుంది. రేడియో గుమ్మం దాటి లోపలికి రాకముందే దాని జబ్బేమిటో చెప్పే మనిషి. ఆయన కొడుకు రైలింజను నడుపుతాడు. రోజంతా ఇంజను రొద విని ఇంటికొచ్చే ఆ మహానుభావుడికి దుకాణం పేరెత్తితేనే చిరాకు. అందుకని కొడుక్కి అబ్బని విద్య కోడలికి అబ్బింది. కొత్తలో ఊరికే పొద్దుపోక వచ్చి స్టూలు మీద కూర్చున్న పిల్ల, ఇప్పుడు కళ్ళు మూసుకుని టంకం పెట్టగలదు. ఆ చేతివాటం చూసి మామగారు లోలోపల ఎంత మురిసిపోతారో, పైకి అంత విసుక్కుంటారు.

ఆయన నలుగురి ముందూ అంటూ వచ్చిన మాట ఒకటుంది. తన చెవి తనని మోసం చేసిన రోజున సోల్డరింగ్ ఐరన్ కింద పెట్టేస్తాననీ, ఇంకెప్పుడూ ఆ బల్ల దగ్గర కూర్చోననీ. మాటంటే మాటే ఆ మనిషికి. సిగరెట్టు మానేస్తానని అన్న పూటే మానేసి, పెట్టెను పక్క దుకాణాయనకి ఇచ్చేసిన ఘనుడు. కాబట్టి ఇప్పుడు కోడలు నోరు తెరిచి మీకు వినపడటం లేదు మామయ్యా అంటే, ఆ పూటతో ఆ బల్ల ఖాళీ. నోరు మూసుకుంటే రేపు నిండు హాల్లో ఆ పెట్టె సుయ్యిమంటుంది, ఆయన పరువు గంగలో కలుస్తుంది. బల్ల లేకపోతే మామగారు మామగారిలా ఉండరని ఆ పిల్లకి బాగా తెలుసు. ఆయన్ని ఆ బల్ల దగ్గర నిలబెట్టుకోవాలి, ఆమెకి కావలసింది అంతే.

కాసేపు తల గోక్కుంది. తరవాత స్టూలు దగ్గరికి లాక్కుని గారాలు పోయింది. ఇన్నాళ్ళూ మీ వెనక నిలబడి చూడటమే గానీ మొదట్నుంచి చివరిదాకా నా చేత్తో ఒక్క జబ్బూ పట్టుకోలేదు, ఇవాళ నాకు పరీక్ష పెట్టండి, మీరు చెప్పండి నేను చేస్తాను అంది.

"చప్పుడే లేని పెట్టెలో ఏం వెతుకుతావు?"

"ఉందనుకుని వెతుకుతాను మామయ్యా."

ఆయనకి నవ్వొచ్చింది. పరీక్ష పెట్టమంటే కాదనే గురువెవరుంటారు? తలమీది ఉన్ని టోపీని చెవుల మీదికి లాక్కుని, కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ఆ టోపీ సంగతి కూడా కొత్తవాళ్ళకి చెప్పాలి. ఊరంతా ఉక్కకి విసనకర్రలు పట్టుకుంటుంటే ఈయన కొంతకాలంగా ఉన్ని టోపీ పెట్టుకుని తిరుగుతున్నారు. అడిగితే తలకి చలి అంటారు. వయసు ముందు నెత్తికెక్కిందని అత్తగారు వేళాకోళం చేస్తే విననట్టు ఊరుకుంటారు.

ముందు గిటారు వైరు పీకెయ్యమన్నారు. పెట్టె ఒక్కటే మాట్లాడాలి, మధ్యలో ఇంకెవరూ ఉండకూడదు. తరవాత వాల్యూమ్ సున్నాకి తిప్పమన్నారు. కోడలు తిప్పింది. సుయ్యిమనేది చప్పున ఆగిపోయింది. తిప్పితే ఆగింది మామయ్యా అని, వెంటనే నాలిక కరుచుకుని, ఆగిందనుకుందాం అంది.

"అనుకుంటే, చప్పుడు నాబ్‌కి ముందున్న వాటాలోంచి వస్తోందన్నమాట. వెనకనుంచి వచ్చేదైతే నువ్వు నాబ్ ఎటు తిప్పినా దానికి లెక్కుండదు. ముందు వాటాలో ఎవరుంటారు?"

మొదటి వాల్వు అంది కోడలు. అయితే దాన్ని మార్చి చూడమన్నారు. కోడలు స్విచ్చి కట్టేసి, ఆ గాజు వాల్వును గుడ్డతో పట్టుకుని లాగి, మంచిది పెట్టి, మళ్ళీ వేసింది. నాబ్ పెంచగానే సుయ్యి. వాల్వు తప్పేం లేదు. అలాగైతే దాని ఇరుగుపొరుగుని పట్టుకో, దానికి కరెంటు అందించే రెసిస్టెన్సులు ముసలివైపోతే అవే సణుగుతాయి అన్నారు మామగారు. వాల్వు దగ్గర ఆనుకుని ఉన్న గోధుమరంగు రెసిస్టెన్సును చెక్కపుల్లతో చూపించడానికి పెట్టె మీదికి వంగారు. ఆ మనిషికి చప్పుడు ఒక్కరవ్వ వినపడకపోయినా, అది ఎక్కడుందో ఇంచుమించు వేలు పెట్టి చూపిస్తున్నారు. కోడలికి ఆయన్ని చూస్తే ముద్దొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అంతలో దుకాణం వెనకే ఉన్న వంటింటి వైపు తల తిప్పి ఆయన, "ఇదిగో, ఇవాళ పాట బాగుంది" అని కేక వేశారు. రోజూ వేసే కేకే. లోపల్నుంచి అత్తగారు ఊఁ అన్నారు. పెట్టెలో చెవి పెట్టుకుని ఉన్న కోడలికి ఏ పాటా వినపడలేదు. వినే తీరికా లేదు, ఎందుకంటే అప్పుడే ఇంకో చప్పుడు మొదలైంది.

కీచుమని, సన్నగా, చెవిలో సూది గుచ్చినట్టు.

వంటింట్లోంచి చీపురు పుచ్చుకుని అత్తగారు రానే వచ్చారు. ఆవిడకీ ఈ చప్పుడుకీ పాత పగ. కొంతకాలంగా ఇంట్లో ఎక్కడో ఒక కీచురాయి దూరింది. ఓసారి వంటింట్లో, ఓసారి పడగ్గదిలో, ఓసారి అన్నం తింటుంటే సరిగ్గా బల్ల దగ్గర. దాని కోసం ఆవిడ అలమరలు ఖాళీ చేశారు, మంచాలు జరిపించారు, గోడ బీటల్లో మరుగు నీళ్ళు పోశారు, ఆఖరికి కోడలి పూలకుండీల మీద నేరం మోపి వాటిని డాబా మీదికి పంపించేశారు. మామగారిని సాయం రమ్మంటే నాకేం వినపడట్లేదే, నీ చెవిలోనే ఉందేమో చూసుకో అనేవారు. ఆ ముక్కకి ఓసారి రెండు పూటలు మాటలు లేవు.

ఈసారి దుకాణంలోనే ఉందనీ, తలుపు మూసెయ్యమనీ, ఇవాళ దాని అంతు చూడకపోతే తన పేరు మార్చుకుంటాననీ అత్తగారు ప్రకటించారు. అదేం కాదు అత్తయ్యా, ఈ పెట్టెలోనే ఇంకో జబ్బేదో ఉన్నట్టుంది అంటూ కోడలు వాల్యూమ్ తగ్గించింది. కీచు తగ్గలేదు. స్విచ్చి కట్టేసింది. ఆగలేదు. అనుమానమొచ్చి ప్లగ్గు పీకేసింది. పీకిన ప్లగ్గు చేతిలో ఉంది, కీచు మాత్రం హాయిగా మోగుతూనే ఉంది.

"మామయ్యా, ప్లగ్గు పీకేసినా చప్పుడు ఆగకపోతే ఏం చెయ్యాలి?"

అది పరీక్షలో భాగమనుకున్నారు ఆయన. ఇంత మంచి ప్రశ్న వేసే శిష్యురాలు దొరికిందని మొహం విప్పారింది. అప్పుడు జబ్బు పెట్టెలో లేదు, గదిలో ఉంది అన్నారు. గదిలో ఉన్నవాటిని ఒక్కొక్కటీ తీసేస్తూ పో, దేన్ని తీస్తే ఆగిందో అదే దొంగ.

కోడలు ఫ్యాను కట్టేసింది. ట్యూబులైటు ఆర్పింది. గోడ గడియారం దించి బ్యాటరీ తీసింది. ఫోను ఛార్జరు పీకింది. బాగుచెయ్యడానికి వచ్చిన పాత రేడియోను వరండాలో పెట్టి వచ్చింది. కీచు, మధ్యమధ్య ఊపిరి పీల్చుకున్నట్టు ఆగి, మళ్ళీ కీచు. అదిగో బల్ల దగ్గరే, నీ కాళ్ళ దగ్గరే అని అత్తగారు చీపురుతో బల్లకిందంతా వాయించారు. కోడలు గది చుట్టూ చూసింది. గదిలో తీసెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు. బల్ల ఉంది, కుర్చీ ఉంది, కుర్చీలో మామగారు ఉన్నారు. ఆయన నెత్తిన ఉన్ని టోపీ ఉంది.

తల నొప్పిగా ఉంది, కాస్త కాఫీ పెట్టిస్తారా అత్తయ్యా అని కోడలు అత్తగారిని లోపలికి పంపించింది. ఆవిడ వెళ్ళేదాకా ఆగి, మెల్లిగా అంది.

"మామయ్యా, మీరొక్కసారి వీధి గుమ్మం దాకా వెళ్ళి రండి."

ఎందుకని కూడా అడగలేదు పాపం. పరీక్ష రాసేవాళ్ళకి అడ్డు చెప్పకూడదనుకున్నారేమో, టోపీ సర్దుకుంటూ లేచి గుమ్మం దాకా నడిచారు. కీచు కూడా ఆయన వెంటే గుమ్మం దాకా నడిచింది. ఆయన అక్కడ నిలబడి వీధిలోకి చూసినంతసేపూ అదీ అక్కడే నిలబడింది. ఆయన తిరిగొస్తే పెంపుడు పిల్లిలా అదీ తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఏమైంది, దొంగ దొరికాడా?" అన్నారు ఆయన ఉత్సాహంగా.

కోడలు దుకాణం తలుపు ఓరగా వేసి వచ్చి ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. ఎలా చెప్పినా నొచ్చుకుంటారని తెలుసు. అందుకే ఆయన ఆ పిల్లకి పని నేర్పిన పద్ధతిలోనే, నాన్చకుండా చెప్పింది.

"మామయ్యా, కీచురాయి మీ టోపీలో ఉంది."

ఆయన మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది గానీ, అందులోంచి మనిషి వెళ్ళిపోయాడు. చెయ్యి తనంతట తాను టోపీ మీదికి వెళ్ళింది. దాన్ని మెల్లిగా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కుడిచెవి వెనక, నెరిసిన జుట్టులో ఒదిగి, చిక్కుడుగింజంత చెవి మిషను. టోపీ తియ్యగానే కీచు ఆగిపోయింది.

"ఎవరికీ కనపడకూడదని టోపీ పెట్టాను తల్లీ. అది అరుస్తోందని నాకెలా తెలుస్తుంది? ఆ అరుపే కదా నాకు వినపడనిది."

కోడలికి ముందు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత వచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆమెని చూసి ఆయనకీ నవ్వు రాబోయి మధ్యలో ఆగింది. సంగతి ఆయనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మైకుని తీసుకెళ్ళి స్పీకరు మొహాన పెడితే కూత పెడుతుంది. చెవి మిషనులో మైకూ స్పీకరూ రెండూ ఉన్నాయి, వాటిని కలిపి ఉన్నితో మూటకట్టింది తనే. ఎన్ని హాళ్ళలో ఎంతమందిని తిట్టాను, మైకు దూరంగా పెట్టి చావండిరా అని, చివరికి ఆ రెంటినీ నెత్తిన కట్టుకుని ఇల్లంతా తిరిగాను అనుకున్నారు పైకే.

తరవాత ఒక్కొక్కటే చెప్పారు. మిషను లేకుండా సన్న చప్పుళ్ళు ఇక రావన్నాడట డాక్టరు. లావు చప్పుళ్ళు ఉన్నాయి, అరచేత్తో కూడా తెలుస్తాయి, అందుకే గుయ్యిమనే జబ్బులన్నీ ఇప్పటికీ పట్టుకోగలిగారు. మిషన్లు జంటగా ఇచ్చారు. రెండోది ఎక్కడో పారేసుకున్నారు. వెతికిపెట్టమని ఎవరిని అడుగుతారు? చెప్పడం అయ్యాక సోల్డరింగ్ ఐరన్ని తుడిచి, దాని స్టాండుతో సహా కోడలి వైపు జరిపారు. మాటంటే మాటే అన్నారు.

కోడలు దాన్ని తాకలేదు. మళ్ళీ ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, వాల్వు వేడెక్కేదాకా ఆగి, నాబ్ పెంచింది. ఇప్పుడు వినండి అంది. టోపీ అడ్డం లేకుండా ఆయన ఒక పెట్టె ముందు కూర్చోవడం చాలా రోజుల తరవాత అదే. తల కొద్దిగా పక్కకి వంచారు. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఇంత సొద ఉందా దీంట్లో? దీన్నేనా నేను నిశ్శబ్దమన్నాను?"

ఉంది, అదెక్కడుందో కూడా వినకుండానే మీరే చూపించారు అంటూ కోడలు స్విచ్చి కట్టేసి, కండెన్సర్లలో మిగిలిన కరెంటు దించేసి, ఇందాక ఆయన పుల్ల పెట్టిన గోధుమరంగు రెసిస్టెన్సును ఊడదీసింది. కొత్తది టంకం పెట్టి, మళ్ళీ వేసింది. సుయ్యి లేదు. పెనం చల్లారిపోయింది. అయిపోయింది మామయ్యా, గిటారాయన్ని రమ్మనండి అంది గర్వంగా.

మామగారు అలవాటుగా స్పీకరు మీద అరచెయ్యి ఆనించారు. కళ్ళు మూసుకున్నారు. తల అడ్డంగా ఊపారు.

"కాలేదు. కింద గుర్రుమంటోంది."

కోడలికి ఏమీ వినపడలేదు. స్పీకరు గుడ్డకి చెవి అంటించింది. అప్పుడు తెలిసింది, ఎక్కడో అడుగున, నిద్రపోతున్న కుక్క గురకలాగా. ఆయన చెక్కపుల్ల అందుకున్నారు. పని హడావిడిలో కోడలు వాల్వును వెలిగించే వైర్ల జంటను తోసుకుంటూ వెళ్ళి, గిటారు గుచ్చే చోటునుంచి లోపలికొచ్చే వైరుకి ఆనించేసింది. పుల్లతో వాటిని కొంచెం పక్కకి జరిపారు. గురక ఆగింది. పెట్టె ఆన్‌లో ఉందో లేదో ఎర్ర దీపాన్ని చూసి తెలుసుకోవలసినంత నిశ్శబ్దం.

కోడలు ఐరన్ని స్టాండుతో సహా మళ్ళీ ఆయన వైపు జరిపింది. "పైన చప్పుళ్ళు నావి, కింద చప్పుళ్ళు మీవి. మీరు లేస్తే నేనూ లేస్తాను మామయ్యా. అప్పుడు మీ అబ్బాయి వచ్చి ఈ బల్ల దగ్గర కూర్చుంటాడు, మీ ఇష్టం."

ఆ బెదిరింపు పనిచేసింది. ఆయన ఐరన్ని చేతిలోకి తీసుకుని, అవసరం లేకపోయినా మళ్ళీ ఒకసారి తుడిచారు. ఈ మనిషి మీద నాకెంత ప్రేమో ఇలాంటప్పుడే తెలుస్తుంది, దాచడమెందుకు.

అయితే ఒక్క షరతు అన్నారు ఆయన గొంతు తగ్గించి. మీ అత్తయ్యకి చెప్పకూడదు. నవ్వుతుందని కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ వంటింట్లో పని చేసుకుంటూ పాడుతుంది, తను ఇక్కడ పని చేసుకుంటూ బాగుందంటారు. వాళ్ళిద్దరి మాటామంతీ చాలావరకు అదే. వినపడటం లేదని తెలిస్తే ఆవిడ పాడటం మానేస్తుంది.

"వినపడకుండానే రోజూ బాగుందంటున్నారా?"

"ఆవిడ ఎప్పుడూ బాగానే పాడుతుంది. అందులో అబద్ధమేముంది?"

అంతలో గుమ్మం దగ్గర కప్పు పళ్ళెం మీద చిన్నగా మోగింది.

అత్తగారు ఎంతసేపట్నుంచి నిలబడ్డారో తెలియదు. కాఫీ మీద మీగడ కట్టింది. వచ్చి కప్పుని బల్ల మీద పెట్టారు. రెండో చేతి గుప్పిట విప్పి మామగారి ముందు చాపారు. అందులో చిక్కుడుగింజంత మిషను, ఆయన చెవి వెనకదానికి జంట. మాసిన చొక్కా నానబెట్టబోతుంటే జేబులో దొరికిందట.

"కీచురాయి కోసం ఇల్లంతా తవ్వించారు కదండీ నాచేత. దాని సంగతి తరవాత చూస్తాను. ఇందాక పాట బాగుందన్నారు, ఏ పాట?"

మామగారు కోడలి వైపు చూశారు.

"ఆయనే కాదు, నువ్వూ చెప్పవే అమ్మాయ్. చప్పుడు ఎక్కడున్నా పట్టుకుంటావు కదా. నేను పాట పాడి ఎన్నాళ్ళయింది?"

కోడలు గుర్తు చేసుకోబోయింది. ఇప్పటి పెట్టె, దానికి ముందు రేడియో, అంతకుముందు ఇంకేదో పెట్టె, వాటి రొదలన్నీ గుర్తొచ్చాయి. పాట గుర్తు రాలేదు. ఎక్కడ మొదలుపెట్టి వెనక్కి వెళ్ళినా ఆ వంటింట్లోంచి ఒక్క పాట కూడా గుర్తు రాలేదు.

"వానలు మొదలవకముందే మానేశాను. అయినా ఈయన రోజూ బాగుందంటున్నారు, నేను రోజూ ఊఁ కొడుతున్నాను." ఆవిడ కోప్పడటం లేదు. ఆయన నుదుటి మీద చెదిరిన జుట్టుని వేళ్ళతో సర్ది, టోపీని ఒళ్ళోంచి తీసి తన చంకలో పెట్టుకున్నారు. "ఎందుకు మానేశానో నన్ను అడగొద్దు. మీ ఇద్దరికీ పద్ధతేదో ఉందిగా. ఒక్కొక్కటీ తీసేస్తూ వెతకండి."

వెళ్ళిపోయారు. మామగారు ఆ రెండో మిషనుని ఎడమచెవికి పెట్టుకోబోయారు, వేళ్ళు సహకరించలేదు. కోడలు లేచి వెళ్ళి సాయం చేసింది. చాలాకాలానికి రెండు చెవులూ తెరుచుకున్న ఆ మనిషి, యాంప్లిఫయరు స్విచ్చి తనే కట్టేసి, వంటింటి వైపు తిరిగి, ఊపిరి బిగబట్టి విన్నారు.

గిన్నె కడిగిన చప్పుడు వినపడింది. కొళాయి కట్టేసిన చప్పుడు వినపడింది. ఆ తరవాత ఏమీ వినపడలేదు. పాట ఎందుకు ఆగిందో వచ్చే వారం వెతుకుదాం.